తొమ్మిదో నంబరు గైర్హాజరు

జిల్లా నూతుల నమోదు కార్యాలయంలో పూర్వం ఒక హాజరు పట్టీ ఉండేది. అట్ట ఊడి, మూలలు ఎలకలు కొట్టి, చూడ్డానికి దిక్కులేనిదానిలా ఉన్నా అందులో సంతకాలు మాత్రం కళకళలాడుతూ ఉండేవి. సోమవారం వచ్చినవాళ్లు శనివారం దాకా ఒకేసారి సంతకాలు పెట్టేసి, ఆ వారానికి ప్రభుత్వానికి చెయ్యాల్సింది చేసేశామని తృప్తి పడేవారు. అది చూసి పైవాళ్లు వేలిముద్ర యంత్రం పంపారు. ముప్పయ్యేళ్లపాటు లక్క సీళ్లు వేసి అరిగిపోయిన అటెండరు లచ్చయ్య బొటనవేలు అసలు మనిషి వేలే కాదని ఆ యంత్రం తేల్చేసింది. లచ్చయ్య నాలుగు నెలలు కాలి బొటనవేలు పెట్టి నెట్టుకొచ్చాడు. చివరికి దాని పొట్టలో చీమలు కాపురం పెట్టడంతో దాన్నీ మూలన పడేశారు.

మూడోసారి పైవాళ్లు బాగా ఆలోచించారు. వాళ్లు అలా ఆలోచించిన ప్రతిసారీ కిందివాళ్ల ప్రాణం మీదికొస్తుంది. ఏప్రిల్ ఒకటో తారీఖున ప్రధాన కార్యాలయం నుంచి ఒక ఉత్తర్వు దిగింది. "ఉద్యోగి కార్యాలయమునందు భౌతికముగా కూర్చొని ఉండుట హాజరునకు తగిన ఆధారము కాదని నిశిత పరిశీలన మీదట నిర్ణయింపబడినది. ఉద్యోగికి కేటాయించిన కంప్యూటరు నెట్‌వర్కునందు అనుసంధానమై ఉన్న నిమిషములు మాత్రమే సదరు ఉద్యోగి హాజరైన నిమిషములుగా పరిగణింపబడును. మనిషి అబద్ధమాడవచ్చును, యంత్రము ఆడదు."

మామూలు మాటల్లో ఆ ఏర్పాటు ఇదీ. ఆఫీసులో కంప్యూటర్లు పది. ఒక్కోదానికి ఒక నంబరు. ఆ నంబరే దాని ముందు కూర్చునే ఉద్యోగికీ నంబరు. రాజధానిలోని పెద్ద యంత్రం నిమిషానికోసారి బడిపంతులులా ఆ నంబర్లన్నీ పిలుస్తుంది. పిలిచిన కంప్యూటరు "ఉన్నాను" అంటే ఉద్యోగి ఉన్నట్టు, పలక్కపోతే లేనట్టు. ఆ మనిషి నిజంగా కుర్చీలో ఉన్నాడా, కాశీలో ఉన్నాడా అన్నది ఇక ప్రభుత్వానికి అక్కర్లేని విషయం.

ఉత్తర్వు చదివి ఆఫీసంతా పండగ చేసుకుంది. సన్యాసమ్మ కూడా సంతోషించింది. రోజూ వచ్చేదాన్ని నేనే కదా, ఇన్నాళ్లకైనా లెక్కలోకి వస్తాను అనుకుంది పాపం.

సన్యాసమ్మ ఆ ఆఫీసులో కాంట్రాక్టు మీద పనిచేసే ఆపరేటరు. జిల్లాలో ఎవరు నుయ్యి తవ్వినా, దాని లోతు, వెడల్పు, గట్టు ఎత్తు కంప్యూటర్లో ఎక్కించి నూతి ధ్రువపత్రం అచ్చు తీసి ఇచ్చేది ఆమే. ఆ కాగితం లేనిదే మోటారుకు కరెంటు ఇవ్వరు. పది కంప్యూటర్లున్నా నూతుల ప్రోగ్రాము ఉన్నది ఆమె తొమ్మిదో నంబరులోనే. మిగతా తొమ్మిదింటిలో ఏముందో ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ఆమె అక్కడ చేరి పదకొండేళ్లయింది. ఆ పదకొండేళ్లూ కూతురి బడి కాగితాల్లో 'తల్లి ఉద్యోగం' అన్న గడిలో 'తాత్కాలికం' అని రాస్తూ వచ్చింది. కూతురు తొమ్మిదో తరగతికి వచ్చినా ఆ మాట మాత్రం మారలేదు. ఈ ఏడు పదేళ్లు దాటినవాళ్లను పర్మినెంటు చేస్తామని జీవో వచ్చింది. జూన్ నెలాఖరుకు జాబితా వస్తుంది. షరతు ఒక్కటే. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో నూటికి తొంభై హాజరుండాలి. లేకపోతే పర్మినెంటు మాట దేవుడెరుగు, ఉన్న కాంట్రాక్టే రద్దు. సన్యాసమ్మకు నూటికి నూరు వస్తుందని ఆఫీసులో అందరూ అనుకున్నారు.

ఏప్రిల్ రెండో వారంలో ఆఫీసు సూపరింటెండెంటు జోగినాయుడు ఆమె బల్ల మీద ఒక మెమో పెట్టాడు.

"ఏటమ్మా సన్యాసమ్మా, నిన్న పదునాలుగుసార్లు ఆఫీసులోంచి ఎల్లిపోయి, పదునాలుగుసార్లు తిరిగొచ్చీసినావట?"

"అదేటండి! నేను కుర్చీలోంచి కదల్లేదు. కంప్యూటరే మాటిమాటికీ నెట్‌వర్కులోంచి పోతోంది. మీరూ చూసే ఉంటారు కదా."

"నానెక్కడ చూసినాను? నిన్న మా జీడితోటలో పిక్కలు ఏరించడానికి ఎల్లినాను కదేటి."

జోగినాయుడికి ఆ నెల హాజరు నూటికి నూరు. ఆయన రెండో నంబరు కంప్యూటరు రాత్రింబవళ్లు వెలుగుతూనే ఉంటుంది. దాన్ని మించింది ఐదో నంబరు. ఐదో నంబరు పాపారావు గారు కిందటి నవంబరులోనే రిటైరై వెళ్లిపోయారు. ఆయన కంప్యూటరు ఆపే అధికారం ఎవరిదో తేలక ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. అది ఆదివారాలు, ఉగాది, శ్రీరామనవమి అన్న భేదం లేకుండా నిమిషానికోసారి "ఉన్నాను, ఉన్నాను" అంటూనే ఉంది. మే నెలలో రాష్ట్రంలోకెల్లా ఉత్తమ ఉద్యోగి పాపారావు గారేనని ప్రధాన కార్యాలయం శాలువా పంపింది. దాన్ని కంప్యూటరుకే కప్పి ఫొటో తీసి పంపారు.

మెమో పట్టుకుని సన్యాసమ్మ జిల్లా అధికారి కోదండపాణి గారి గదికి వెళ్లింది. ఆయన గోడకు మంచమంత టీవీ ఒకటి బిగించి ఉంది. హాజరు పర్యవేక్షణ కోసం ఆయన ప్రత్యేకంగా తెప్పించుకున్న తెర అది. దాని మీద పది పేర్లు, పేరు పక్కన దీపం. ఉన్నవాళ్లకు పచ్చది, లేనివాళ్లకు ఎర్రది. కోదండపాణి గారికి తొమ్మిది అంకె అచ్చొచ్చింది. కారు నంబరు కూడితే తొమ్మిది, ఫోను నంబరు కూడితే తొమ్మిది. ఈ టీవీని కూడా తొమ్మిది గంటల తొమ్మిది నిమిషాలకు తొమ్మిది కొబ్బరికాయలు కొట్టించి ప్రారంభించారు. అప్పట్నుంచీ ఆయన ఫైళ్లు చూడ్డం మానేసి దీపాలు చూస్తున్నారు.

"సార్, నా కంప్యూటరు..." అంది సన్యాసమ్మ.

ఆయన టీవీ వైపే చూస్తూ చెయ్యెత్తారు. "వన్ మినిట్. తొమ్మిదో నంబరు ఇప్పుడు కార్యాలయంలో లేదు. వచ్చాక మాట్లాడదాం."

"నేనే సార్ తొమ్మిదో నంబరు."

ఆయన తల తిప్పి ఆమెను ఎగాదిగా చూసి, మళ్లీ తెర చూసుకుని, "ఎర్రగా ఉంది కదమ్మా," అన్నారు. "యాజ్ పర్ రూల్స్, నేను దీన్నే నమ్మాలి. ఆ నిమిషాల్లో మీరు సీట్లోనే ఉన్నట్టు ఒక గెజిటెడ్ అధికారి చేత ధ్రువీకరణ తెచ్చుకోండి, పరిశీలిస్తాను."

"ఈ ఆఫీసులో గెజిటెడ్ అధికారి మీరొక్కరే కదండీ. మీరే రాసివ్వండి."

"నేను చూసిందే రాయగలను. నేను చూసిందల్లా ఎర్రదీపం. కళ్లతో చూసినదాన్ని ఆధారంగా తీసుకోవద్దని ఉత్తర్వులో క్లియర్‌గా ఉంది."

సన్యాసమ్మకు ఒళ్లు మండింది. కానీ కాంట్రాక్టు వాళ్ల ఒళ్లు మండితే ఆర్పుకోవాల్సింది వాళ్లే కనక, నమస్కారం పెట్టి వచ్చేసింది.

కంప్యూటర్లు బాగుచేసే ఖాదర్‌కు కబురు వెళ్లింది. ఖాదర్ నలభై అయిదేళ్ల మనిషి, నాలుగు జిల్లాల ఆఫీసుల వైర్లు ఆయన చేతిమీదుగానే వెళ్లాయి. ఆయన రాగానే పని ఎలా చేస్తాడో చూడ్డానికి కోదండపాణి గారు గదిలోంచి బయటికొచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డారు. అధికారి గది విడిచిన క్షణమే లచ్చయ్య లోపలికెళ్లి ఫ్యాను, లైటు, టీవీ ఆపేశాడు. విద్యుత్ పొదుపు ఉత్తర్వు ఒకటుంది, దాన్ని రాష్ట్రం మొత్తమ్మీద పాటించేది లచ్చయ్య ఒక్కడే. ఖాదర్ వైరు మార్చాడు. వైర్లన్నీ కలిసే పెట్టెలో వేరే రంధ్రంలో గుచ్చాడు. రెండు గంటలు కూర్చుని చూశాడు. తొమ్మిదో నంబరు ఒక్కసారి కూడా పడిపోలేదు.

"బాగానే ఉందమ్మా," అని కాగితం మీద 'లోపం లేదు' అని రాసి వెళ్లాడు. ఆయన గేటు దాటాడో లేదో, కోదండపాణి గారు గదిలోకెళ్లి టీవీ వేసుకున్నారు. తొమ్మిది పడిపోయింది.

ఇలా మూడుసార్లు జరిగింది. ఖాదర్ మూడుసార్లూ 'లోపం లేదు' అనే రాశాడు. యంత్రంలో లోపం లేదని మూడుసార్లు రుజువైంది కనక లోపం ఉద్యోగినిలోనే ఉందని కోదండపాణి గారు ఫైలు నడిపారు. ఆ ఫైలు మీద జోగినాయుడు అధ్యక్షుడిగా కమిటీ పడింది. కమిటీ ఆమె కుర్చీని ఆగ్నేయానికి మార్చింది. తర్వాత కంప్యూటరుకు నిమ్మకాయ, మిరపకాయలు కట్టించింది. ఇంకో పది రోజులకు, ఆమె చీర చెంగు తగిలి వైరు కదులుతోందేమోనని అనుమానించి, వైరుకు అడుగు దూరంలో చీర ఉండాలని తీర్మానం చేసింది.

సన్యాసమ్మకు ఈ నవ్వులాట బాగానే అర్థమవుతోంది గాని నవ్వు రావడం లేదు. జూన్ పదో తారీఖుకు ఆమె హాజరు నూటికి నలభై రెండు. ఇంటికెళ్లి కూతురికి అన్నం పెడుతూ కూడా మనసులో అదే లెక్క.

ఆ రోజుల్లోనే గొర్లె సింహాచలం ఆఫీసుకు తిరగడం మొదలుపెట్టాడు. అరవై దాటిన రైతు. వేసంగిలో నుయ్యి తవ్వించాడు. నారుమడికి నీరు కావాలి, నీటికి మోటారు కావాలి, మోటారుకు కరెంటు, కరెంటుకు కాగితం. సన్యాసమ్మ అతని నుయ్యి లోతు ఎక్కించేది. వెడల్పు ఎక్కించేది. గట్టు ఎత్తు దగ్గరికి వచ్చేసరికి కంప్యూటరు పడిపోయి ఎక్కించిందంతా చెరిగిపోయేది.

"ఏటి తల్లీ, ఇయ్యేలైనా అవుద్దా?" అనేవాడతను.

"ప్రయత్నం చేస్తున్నాను తాతా. కూర్చో."

అతను అధికారి గది గుమ్మం పక్కన బెంచీ మీద కూర్చునేవాడు. పొద్దు గడవాలి కదా, ఒక కన్ను తెరిచిన తలుపులోంచి అధికారి టీవీ మీద, ఒక కన్ను సన్యాసమ్మ కంప్యూటరు మీద వేసి ఉంచేవాడు. పొలం గట్టు మీద కూర్చుని ఎటు మబ్బేస్తే ఎటు గాలి తిరుగుతుందో చూసే అలవాటు అతనిది. నాలుగో రోజు లేచి వచ్చి బల్ల దగ్గర గొంతు తగ్గించి అన్నాడు.

"నాను సదువుకోనోన్ని, తప్పయితే కాసుకో. సారు గదిలో ఆ పెద్ద పెట్టె ఎలిగిందంటే నీ పెట్టె ఆరిపోతంది. అది ఆరిందంటే నీది ఎలుగుతాది. నాలుగు దినాలు నుంచి సూస్తన్నాను, ఒక్క మాటు తప్పు పోనేదు."

సాయంత్రం కోదండపాణి గారు వెళ్లాక సన్యాసమ్మ లచ్చయ్యను బతిమాలింది. లచ్చయ్య టీవీ వేశాడు. తొమ్మిది పోయింది. ఆపాడు. వచ్చింది. "మళ్లీ ఎయ్యమంటావా అమ్మా?" అంటూ ముచ్చటపడి ఆరుసార్లు వేసి ఆపాడు. ఆరుసార్లూ అంతే.

మర్నాడు ఖాదర్ వచ్చి టీవీ నంబరు చూసి నెత్తి కొట్టుకున్నాడు. "అయ్యో, ఇదేంటమ్మా! ఈ టీవీకీ నీ కంప్యూటరుకీ ఒకటే నంబరు. ఒకే వీధిలో రెండిళ్లకు ఒకటే డోరు నంబరు పెడితే ఏమవుద్ది? టపా ఒకింటికి రావాల్సింది ఇంకో ఇంటికి పోద్ది. పైనుంచి 'తొమ్మిదీ, ఉన్నావా' అని పిలుపొస్తే ఈ టీవీ పట్టేసుకుంటంది. దీనికి ఉన్నాననడం నేర్పలేదు. నువ్వు లేవనుకుంటన్నారు."

"తొమ్మిది ఎవరు పెట్టమన్నారండి?"

"ఇంకెవరు, సారే. నాకు తొమ్మిది తప్ప వేరే అచ్చిరాదు, తొమ్మిదే పెట్టాలన్నారు. ఆ నంబరు ఇంకొకళ్లదని నాకేం తెలుసు? ఆయన పక్కనే నిలబడి తొందరపెడితే పెట్టేశాను, తర్వాత ఆ సంగతే మర్చిపోయాను."

అంటే సంగతి ఇలా తేలింది. ఎవరు హాజరయ్యారో చూడ్డానికి అధికారి ఎప్పుడు కన్ను తెరిస్తే అప్పుడు సన్యాసమ్మ మాయమవుతోంది. ఆయన ఎంత శ్రద్ధగా చూస్తే ఆమె అంత గైర్హాజరు. ఆయన గది విడిచి వెళ్లినంతసేపే ఆమెకు ఉద్యోగం.

ఖాదర్‌ను వెంటబెట్టుకుని సన్యాసమ్మ లోపలికెళ్లింది. కోదండపాణి గారు అంతా విన్నారు.

"నా నంబరు మార్చే ప్రసక్తే లేదు," అన్నారు. "ఇటీజ్ ఎ పాలసీ మేటర్. కావాలంటే ఆవిడ నంబరు మార్చండి."

ఖాదర్ అక్కడికక్కడే ప్రధాన కార్యాలయానికి ఫోన్ చేసి అడిగాడు. మార్చవచ్చునన్నారు. అయితే నంబరే ఉద్యోగి కనక, కొత్త నంబరంటే కొత్త ఉద్యోగి. సర్వీసు ఆ రోజు నుంచే మొదలవుతుంది.

పదకొండేళ్లు. సన్యాసమ్మ బల్ల అంచు పట్టుకుంది. "వద్దండి," అంది. "సార్, మీకు దండం పెడతాను. పోయిన నిమిషాలు టీవీ వల్లేనని రాయించి, ఈ నెలాఖరు దాకా ఆ టీవీ ఆపండి సార్. ఇంకేమీ అడగను."

"నేను టీవీ ఆపితే మీరు ఉన్నారో లేదో నాకెలా తెలుస్తుంది?"

"మీరు వేస్తే నేను ఉండటం లేదు కదా సార్!"

"ఎగ్జాక్ట్‌లీ. మీరు లేరన్న సంగతి వేస్తేనే కదా తెలుస్తోంది," అన్నారాయన, తన వాదన తనకే నచ్చి. "అందుకే పర్యవేక్షణ అవసరం."

జూన్ ఇరవై మూడున విచారణ తాఖీదు వచ్చింది. "తొమ్మిదో నంబరు కాంట్రాక్టు ఉద్యోగిని గత మూడు నెలల కాలమున ఆరు వందల పన్నెండు పర్యాయములు అనుమతి లేకుండా కార్యాలయము విడిచి వెళ్లినట్లు అభియోగము. అదనపు కమిషనరు వారు ఇరవై ఆరవ తేదీ ఉదయం పదకొండు గంటలకు వీడియో ద్వారా విచారింతురు. ఎవరి నంబరు నుండి వారే హాజరు కావలెను. గైర్హాజరైనచో అభియోగము అంగీకరించినట్లే."

"ఆరొందల పన్నెండు మాట్లా!" అన్నాడు లచ్చయ్య. "గేటు దాకా ఎల్లొస్తే నాకు మోకాళ్లు పట్టీస్తాయి."

ఇరవై ఆరున ఖాదర్ వచ్చి అధికారి టీవీకి, సన్యాసమ్మ కంప్యూటరుకు కెమెరాలు బిగించాడు. ఆమె ఇస్త్రీ చీర కట్టుకుని పది గంటలకే కూర్చుంది. సింహాచలం కూడా తన బెంచీ మీద ఉన్నాడు. పదకొండుకు అయిదు నిమిషాలుండగా కోదండపాణి గారు విచారణలో పాల్గొనడానికి తన టీవీ వేసుకున్నారు. సన్యాసమ్మ తెర నల్లబడింది.

తెరిచిన తలుపులోంచి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి.

"తొమ్మిదో నంబరు ఉద్యోగిని హాజరా?" అంది అదనపు కమిషనరు గొంతు.

"నో మేడమ్. యాజ్ యూజువల్, గైర్హాజరు."

సన్యాసమ్మ ఇక ఆగలేకపోయింది. లేచి గదిలోకి నడిచి టీవీ ఎదురుగా నిలబడింది.

"మేడమ్, నేను ఇక్కడే ఉన్నానండి."

టీవీలోని ఆవిడ మెడలో వేలాడుతున్న కళ్లజోడు పెట్టుకుని చూసింది. "ఎవరీవిడ?"

"తొమ్మిదో నంబరు మేడమ్," అన్నారు కోదండపాణి గారు.

"ఇప్పుడే లేరన్నారు?"

"సిస్టం ప్రకారం లేరు మేడమ్."

కమిషనరు తన ముందున్న జాబితా చూసుకుంది. "అవునమ్మా, మీరు లేరు. ఇక్కడ ఎర్రదీపమే ఉంది."

"మీకు కనిపిస్తున్నాను కదండీ? నా మాట వినిపిస్తోంది కదండీ?"

"కనిపించడం వేరు, హాజరు వేరు. ఉత్తర్వు చదవలేదా? పైగా మీరు కనిపిస్తున్నది అధికారి గారి తెరలో. అందులోంచి ఎవరు ఏం చెప్పినా అది అధికారి గారి వాంగ్మూలం కిందే నమోదవుతుంది. మరో మార్గం లేదు."

సన్యాసమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. మూడు నెలల తర్వాత మొదటిసారి ఆమెకు ధైర్యం వచ్చింది.

"అలాగేనండి. అయితే నమోదు చేసుకోండి. ఈ గదిలో టీవీకి, తొమ్మిదో నంబరు కంప్యూటరుకు ఒకటే నంబరు పెట్టారండి. అచ్చొస్తుందని పట్టుబట్టి పెట్టించారు. టీవీ వేసినప్పుడల్లా కంప్యూటరు పడిపోతుంది. ఆరొందల పన్నెండుసార్లూ అందుకే పడింది. సన్యాసమ్మ అనే ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. రోజూ పదింటికి వచ్చింది."

"రాసుకోండి," అంది కమిషనరు పక్కనున్న స్టెనోతో. "జిల్లా అధికారి వాంగ్మూలం. తన టీవీకి తానే పట్టుబట్టి తొమ్మిదో నంబరు పెట్టించుకొన్నట్లు, తద్వారా ఉద్యోగినిని ఆరు వందల పన్నెండు పర్యాయములు గైర్హాజరు చేసినట్లు ఒప్పుకొన్నారు."

"మేడమ్!" కోదండపాణి గారు కుర్చీలోంచి ఎగిరి లేచారు. "అది నా మాట కాదు!"

"ఇదీ రాయండి. ఒప్పుకొన్న మాటను అదే నిమిషమున తానే ఖండించిరి."

"ఇంకో సంగతండి," అంది సన్యాసమ్మ. "ఆపమని బతిమాలినా టీవీ ఆపలేదు. పైగా..."

"అధికారి గారు మరికొంత ఒప్పుకోబోతున్నారు. రాసుకోండి."

ముప్పయ్యేళ్ల సర్వీసులో కోదండపాణి గారు ఏనాడూ ఏదీ ఒప్పుకోలేదు. ఏం చేస్తున్నారో తెలియకుండా గోడ దగ్గరికి పరుగెత్తి టీవీ ప్లగ్గు పీకేశారు.

హాల్లోంచి లచ్చయ్య కేక వినిపించింది. "అమ్మా! తొమ్మిది బతికీసిందమ్మా!"

సన్యాసమ్మ వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. చిన్న తెర మీద కమిషనరు ముఖం మళ్లీ కనిపించింది.

"ఆఁ, పచ్చదీపం వచ్చింది. ఇంతసేపూ ఎక్కడికెళ్లారమ్మా?"

"ఎక్కడికీ లేదండి."

"మంచిది. అధికారి గారేరీ? ఆయన తెర ఆరిపోయిందే."

కోదండపాణి గారు రొప్పుకుంటూ వచ్చి సన్యాసమ్మ భుజం మీదుగా వంగారు. "హియర్ మేడమ్! ఐ యామ్ హియర్!"

"ఎవరాయన? ఆ నంబరులో ఒక్క ఉద్యోగినికే అనుమతి. సంబంధం లేనివాళ్లను పక్కకు పంపండి."

"నేనే మేడమ్, జిల్లా అధికారిని! మీరు నన్ను చూస్తున్నారు కదా!"

"కనిపించడం వేరని ఇప్పుడే చెప్పాను," అంది కమిషనరు విసుగ్గా.

పై అధికారి మాట జవదాటి ఎరగని లచ్చయ్య, కోదండపాణి గారి మోచెయ్యి మర్యాదగా పట్టుకుని పక్కకు తీసుకెళ్లాడు. ఆరోపించిన అధికారి విచారణ మధ్యలో అనుమతి లేకుండా నిష్క్రమించారనీ, ఆరోపణకు గురైన ఉద్యోగిని హాజరై ఉన్నారనీ, అధికారి వాంగ్మూలం మేరకు ఆరు వందల పన్నెండు పర్యాయములూ హాజరుగానే పరిగణించవలెననీ కమిషనరు చదివి వినిపించింది. సన్యాసమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు కోదండపాణి గారికి మెమో వచ్చింది. ఆ మధ్యాహ్నం ఆయన మొట్టమొదటిసారిగా సన్యాసమ్మను సలహా అడగడానికి ఆమె సీటు దగ్గరికి నడిచి వచ్చారు.

"సన్యాసమ్మ గారూ," అన్నారు. 'గారు' అనడం కూడా అదే మొదలు. "టీవీ వేస్తే నా వాంగ్మూలం గుర్తొస్తోంది, వెయ్యకపోతే నేను లేనట్టు. ఏం చెయ్యమంటారు?"

"పద్దెనిమిది పెట్టించండి సార్. ఖాళీగా ఉంది. ఒకటీ ఎనిమిదీ కూడితే తొమ్మిదే కదండీ."

ఆయన వేళ్ల మీద రెండుసార్లు కూడుకున్నారు. రెండుసార్లూ తొమ్మిదే వచ్చింది. "మరి ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదు?"

"నేను ఉన్నట్టు మీ టీవీలో లేదు కదండీ," అంది సన్యాసమ్మ.

జూన్ ముప్పయ్యిన జాబితా వచ్చింది. అందులో ఆమె పేరుంది. మూడో పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఇంకో వాక్యం కూడా ఉంది. పర్మినెంటు అయినవారికి హాజరు విషయంలో కనీస శాతము వర్తించదు.

"అదీ లెక్క!" అన్నాడు జోగినాయుడు, ఆ రోజు స్వీట్లు పెడుతున్నారని తోట నుంచి ప్రత్యేకంగా వచ్చి. "ఇంక నువ్వూ మాలో మనిషివే. రేపట్నుంచి రానక్కర్లేదు. కంప్యూటరు ఎలిగించీసి ఎల్లిపో."

సన్యాసమ్మ స్వీటు తీసుకుని తన కంప్యూటరు వైపు తిరిగింది. అంతకు ముందే సింహాచలం నుయ్యి లోతు, వెడల్పు, గట్టు ఎత్తు మూడూ ఎక్కాయి. కాగితం అచ్చు తీసి సీలు వేసి అతని చేతిలో పెట్టింది. అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందులో ఏటి రాసుంది తల్లీ?"

"గొర్లె సింహాచలం పొలంలో నుయ్యి ఉంది అని."

"అందులో నీరుందని రాసుందా?"

"లేదు తాతా. నీళ్ల సంగతి ఈ ఆఫీసుది కాదు. నుయ్యి ఉన్నాదంటే చాలు."

సింహాచలం జోగినాయుడి వైపు, శాలువా కప్పుకుని మెరుస్తున్న ఐదో నంబరు వైపు చూశాడు. "అయితే నాదీ పర్మినెంటు నుయ్యే అన్నమాట," అంటూ కాగితం మడిచి పంచె మొలలో దోపుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం కూతురి బడి కాగితం మీద 'తల్లి ఉద్యోగం' గడిలో సన్యాసమ్మ 'పర్మినెంటు' అని రాసింది. రాసి, ఆ మాట వైపు కాసేపు చూసి, దాన్ని కొట్టేసి 'నూతుల ఆఫీసులో పని' అని రాసింది. మర్నాడు పదింటికల్లా ఆఫీసులో పది కంప్యూటర్లూ హాజరయ్యాయి. మనుషుల్లో తాళాలు తీసిన లచ్చయ్య, బెంచీ మీద కొత్తగా వచ్చిన ముగ్గురు రైతులు, వాళ్ల నూతుల లోతు అడిగి ఎక్కిస్తున్న సన్యాసమ్మ మాత్రం ఉన్నారు.